మేకలు మేసిన కుర్చీ

నేను పెరిగిన ఇంట్లో కుర్చీ మీద మనిషి కూర్చోవడం అరుదు. కుర్చీ లేక కాదు, ఒకటుండేది. ఇనుప మడత కుర్చీ. దాని మీద ఉతికిన బట్టలు, పప్పు చేట, ఒక్కోసారి పిల్లి. షావుకారు వచ్చిన రోజున బట్టలు తీసి, చేట దించి, పిల్లిని అదిలించి, కొంగుతో తుడిచి వేసేవాళ్లు. ఆయన అటు వెళ్లగానే పిల్లి మళ్లీ ఎక్కేది.

మాది నారాయణపేట, నేతపని ఇల్లు. బాపు గుంత మగ్గం అంచున కూర్చుని, కాళ్లు గుంతలోకి వదిలి, పొద్దంతా చీరలు నేసేవాడు. అమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. తినడం నేల మీద, చుట్టాలతో ముచ్చట్లు నేల మీద, జగడాలు కూడా నేల మీదే. అలాంటి ఇంట్లో పుట్టిన నాకు పాత కుర్చీల పిచ్చి పట్టడమేమిటని మా ఆయన ఇప్పటికీ ఆశ్చర్యపోతుంటాడు. పోనివ్వండి. ఆయనకు క్రికెట్ పిచ్చి ఉంది, నేనేమైనా అన్నానా? అన్నాను, నిజమే. అయినా కుర్చీ మీద కూర్చోవచ్చు, క్రికెట్ మీద కూర్చోలేం కదా!

ఆ పిచ్చి నాకు మహబూబ్‌నగర్‌లో పట్టింది. తెలంగాణ వచ్చాక, కొత్త జిల్లాలు ఏర్పడ్డ రోజుల్లో, నేను పనిచేసే ఆఫీసులో ఫైళ్లన్నీ ఆ జిల్లాకిన్ని ఈ జిల్లాకిన్ని పంచుతున్నారు. ఆ సందట్లోనే కొత్త ఫర్నిచర్ వచ్చింది. గిర్రున తిరిగే నల్ల కుర్చీలు. పాత టేకు కుర్చీలను తీసుకెళ్లి వరండాలో కుప్ప పోశారు. మధ్యాహ్నం డబ్బాలో తెచ్చుకున్న అన్నం తినడానికి జాగా దొరక్క, ఆ కుప్పలోంచి ఒకదాన్ని లాక్కుని కూర్చున్నాను. చాయ్ గ్లాసు పెట్టుకునేంత వెడల్పాటి చేతులు. కాస్త వెనక్కి వాలిన వీపు. సీటు పేముతో అల్లింది, అల్లిక సందుల్లోంచి గాలి ఆడుతోంది. నడుము నొప్పి అనేది ఒకటుంటుందని కూడా మరిచిపోయి అట్లాగే కూర్చుండిపోయాను.

"మేడం, లేవుండ్రి, వేలంపాట షురువైతాంది" అని అటెండర్ వచ్చాడు.

లేవలేదు. కూర్చునే పాట పాడాను. కుర్చీ నాదైంది.

ఇక అక్కడి నుంచి నన్ను ఆపినవాళ్లు లేరు. టౌన్లో పాత సామాన్ల దుకాణం ఒకటుంది. దాన్ని నడిపే ముసలాయనను అందరూ చాచా అంటారు. ఆదివారం కూరగాయలకని బయల్దేరి నేను చాచా దుకాణంలో తేలేదాన్ని. కుర్చీల గురించి నాకు తెలిసిందంతా అక్కడ నేర్చుకున్నదే.

పాత చాయ్ హోటళ్లలో ఉండే కుర్చీ చూశారా? కర్రను ఆవిరిలో మెత్తబరిచి, మురుకు చుట్టినట్టు వంచి, వీపు చేస్తారు. చూడ్డానికి సన్నగా పీలగా ఉంటుంది గానీ, ఎంతమంది లావుపాటి మనుషులు ఎన్ని చాయ్‌లు తాగి లేచారో దాని మీంచి. గడీల నుంచి వచ్చే పడక కుర్చీది ఇంకో దర్జా. దాని చేతుల కింద నుంచి రెండు పలకలు బయటికి తిరుగుతాయి. వాటి మీద కాళ్లు చాపుకుని దొరలు పడుకునేవాళ్లు. నిజాం జమానా చివరి రోజుల్లో హైదరాబాద్‌లో చేసిన కుర్చీల మూలలన్నీ గుండ్రం. ఆ తీరును ఆర్ట్ డెకో అంటారని ఫోన్లో చూసి తెలుసుకున్నాను. చాచాకు ఆ పేర్లతో పనిలేదు, ఆయనకు అది 'రేడియో కుర్చీ'. నిజంగానే పాత రేడియో డబ్బాలాగే ఉంటుంది. ఇక తెల్లదొరల బంగళాల కోసం చేసినవి ఉంటాయి. కాళ్లు మోకాలి దగ్గర వంగి, పాదం పులిపంజా అయి, ఆ పంజా కింద ఒక ఉండ.

"పులి ఉండ ఎందుకు పట్టుకుంది చాచా?" అని అడిగాను ఒకసారి.

"పరేషాన్ గాకు బిటియా. కూసో. నిన్నేం జెయ్యది" అన్నాడు.

అట్లా ఒకటొకటే ఇంటికి చేరాయి. ముందు గదిలో నడవాలంటే పక్కకు తిరిగి నడవాల్సి వచ్చేది. మా ఆయన గుమ్మంలో నిలబడి లోపలికి చూసి, "ఇంట్ల ఉన్నది మనమిద్దరం. మీటింగు వెడ్తవా ఏందే?" అనేవాడు. తర్వాత వెళ్లి రేడియో కుర్చీలో కూలబడి క్రికెట్ పెట్టుకునేవాడు. ఆ కుర్చీని వేరేవాళ్లను ముట్టనిచ్చేవాడు కాదు. మళ్లీ పిచ్చి నాకట!

ఇంతలో బాపు పడ్డాడు. మగ్గం గుంతలోంచి పైకి లేస్తుంటే కాలు జారి, తుంటి ఎముక విరిగింది. మహబూబ్‌నగర్ దవాఖానలో ఆపరేషన్ చేశారు. ఆపరేషన్ మంచిగనే అయింది. ఇంటికి పంపే రోజున డాక్టరమ్మ మంచం దగ్గరికొచ్చి నిదానంగా చెప్పింది.

"పెద్దాయనా, ఇగ నేల మీద కూసోవద్దు. గుంతల అసలే దిగొద్దు. కుర్చీల కూసోవాలె."

"ఎన్నొద్దులు?" అన్నాడు బాపు.

"ఇగ ఎప్పటికీ అంతే."

డాక్టరమ్మ నన్ను బయటికి పిలిచి ఇంకో మాట చెప్పింది. "పండుకోనియ్యకుండ్రి. మనిషి పండుకుంటే కాలు గూడ పండుకుంటది. మళ్ల లేవది. కూసోవాలె, లేవాలె, నడవాలె."

నారాయణపేటకు తీసుకెళ్లాక అదే జరిగింది. బాపు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మగ్గం కనిపిస్తే బాధపడతాడని అమ్మ దాని మీద పాత దుప్పటి కప్పింది. దవాఖాన వాళ్లిచ్చిన వాకర్ మంచం పక్కనే నిలబడి ఉంది, దాని మీద తువ్వాల ఆరేస్తున్నారు. ప్లాస్టిక్ కుర్చీ కొనిచ్చాం. బాపు దాంట్లో కూర్చుని, కాళ్లు ఎటు పెట్టాలో తెలియక, చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక, ఫోటోకు కూర్చున్న మనిషిలా బిగుసుకుపోయి, కాసేపటికే "నన్ను పండవెట్టుండ్రి" అన్నాడు. మగ్గం మీద రాజులా ఉండే మనిషి. ఆ గొంతు విని నాకు ఏడుపొచ్చింది.

నేను మహబూబ్‌నగర్ తిరిగొచ్చాక అమ్మ రోజూ ఫోన్ చేసేది. "మీ బాపు మాట్లాడుతుండా?" అంటే, "మాట్లాడుతుండు. గోడతోని" అనేది.

ఇక చూడాలి నా పట్టుదల! ఇంటి నిండా కుర్చీలు పెట్టుకుని, మా బాపు కూర్చోవడానికి ఒక్క కుర్చీ దొరకదా? సెలవు పెట్టాను. ట్రాలీ ఆటో మాట్లాడి, ఉన్నవాటిలో మంచివన్నీ ఎక్కించాను. మా ఆయన రేడియో కుర్చీని పట్టుకుని వదల్లేదు, దాన్ని మాత్రం వదిలేసి వెళ్లాను.

మా గల్లీలో ట్రాలీ ఆగగానే జనం పోగయ్యారు. ఎవరిదో పెండ్లి అనుకున్నారట. పులిపంజా కుర్చీ దించుతుంటే ఒకామె, "గిది పెండ్లిపిల్లగానిదా, పెండ్లిపిల్లదా?" అని అడిగింది. ఆ రోజు గల్లీలో అందరూ అన్ని కుర్చీల్లో కూర్చుని చూశారు. ఒక్క బాపు తప్ప.

బాపునూ కూర్చోబెట్టాం, ఎందుకు కూర్చోబెట్టలేదు? ఒక్కోదానికీ ఒక్కో వంక. హోటల్ కుర్చీలో కూర్చుని, "గిండ్ల కూసుంటే బిల్లు గట్టి లేశిపోవాలనిపిస్తది" అన్నాడు. గడీ పడక కుర్చీలో కాళ్లు చాపించాం. "పనిలేనోళ్ల కుర్చీ. గిండ్ల పండుకున్నోడు ఎప్పుడన్న ఒక మూర బట్ట నేసిండా?" అన్నాడు. పులిపంజా కుర్చీలో ఎత్తైన చెక్కుడు వీపుకు ఆనుకుని అందరినీ ఒకసారి చూసి, "తీర్పు చెప్పాల్నా ఏంది?" అన్నాడు. అందరూ నవ్వారు. బాపు మాత్రం నవ్వలేదు. "బిడ్డా, నన్ను పరేషాన్ జెయ్యకు" అని మళ్లీ మంచం మీద గోడ వైపు తిరిగాడు.

నేను వంటింట్లోకి వెళ్లి అమ్మ మీద అరిచాను. అమ్మేం చేసింది పాపం! అయినా అరవడానికి ఒక మనిషి కావాలి కదా. అమ్మ ఉల్లిగడ్డ కోస్తూ, "కుర్చీల తప్పు లేదే, గాయిన తప్పు లేదు. పొద్దంత కాళ్లు చేతులు ఆడించిన మనిషి. ఊకె కూసోమంటే యాడ కూసుంటడు?" అంది. అప్పుడా మాట నా చెవికెక్కలేదు. మంచి కుర్చీ దొరికితే అంతా సర్దుకుంటుందనే నా నమ్మకం.

మళ్లీ చాచా దగ్గరికి పరుగెత్తాను. సంగతంతా చెప్పాను. ఆయన చాలాసేపు గడ్డం దువ్వుకుని, "ఒకటున్నది బిటియా. ఎవ్వలు కొంటలేరు. చేతులు లెవ్వు, ఎత్తు లేదు, సీటు గూడ లేదు" అని దుకాణం వెనక నుంచి ఒక కుర్చీ తెచ్చాడు. చిన్న టేకు కుర్చీ. కాళ్లు కాస్త పొట్టి, మామూలు కుర్చీ కంటే బెత్తెడు తక్కువ ఎత్తు. సన్నని వీపు. చేతులు లేవు. ఇలాంటివి గడీల లోపలి గదుల్లో ఉండేవట. తల్లులు పిల్లలకు పాలివ్వడానికి, కుట్టుపని చేసుకోవడానికి. ఒళ్లో పిల్ల ఉంటే కుర్చీ చేతులు అడ్డమని అట్లా చేసేవాళ్లు. పేము సీటు ఎప్పుడో చిరిగిపోయి, ఒక మూలన మాత్రం జానెడు అల్లిక మిగిలి ఉంది. ఆశ పెద్దగా లేదు. ఉత్త చేతులతో పోవద్దని తీసుకున్నాను.

బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చి, బాపు మంచం పక్కన పడేసి, చాయ్ తాగుదామని లోపలికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి బాపు గోడ వైపు లేడు. ఇటు తిరిగి, చేయి చాపి, కుర్చీ చట్రాన్ని తడుముతున్నాడు. చట్రం చుట్టూ వరసగా పొక్కలుంటాయి, పేమును దూర్చి అల్లడానికి. బాపు ఒక పొక్కలో వేలు పెట్టాడు. దాని ఎదురుగా ఉన్న పొక్కను చూశాడు.

"గీ పొక్కలు పడుగుకు" అన్నాడు. "గటు పక్కయి పేకకు. గంతేనా?"

నన్ను కాదు, తననే అడుగుతున్నాడు. అమ్మ గుమ్మంలో చాయ్ గ్లాసుతో కదలకుండా నిలబడిపోయింది. బాపు మోచేయి ఆనించి, పండ్లు బిగబట్టి, మెల్లగా లేచి కూర్చున్నాడు. మేమెవరం చేయి వేయలేదు, వేస్తే ఎక్కడ మళ్లీ పడుకుంటాడోనని.

"ఎవడో పనిమంతుడే అల్లిండు. గిట్ల సెడగొట్టుకున్నరు" అని కుర్చీని మంచం మీదికి లాక్కున్నాడు. "ఇంట్ల మిగిలిన నూలు యాడున్నదే?" అని అమ్మను అడిగాడు. అమ్మ చాయ్ గ్లాసు నా చేతిలో పెట్టి లోపలికి ఉరికింది.

ఆ తర్వాతి రోజులు మా ఇంట్లో పండగే. పేము దొరకదు మా ఊళ్లో, అల్లేవాళ్లూ లేరు. నూలు మాత్రం ఎంత కావాలంటే అంత. మగ్గం మీద మిగిలిన పోగులను అమ్మ రాట్నం మీద పురి పెట్టి గట్టి తాళ్లు చేసింది, మెరూన్‌వి, పసుపువి. బాపు మంచం అంచున కూర్చుని, కుర్చీని ఎదురుగా పెట్టుకుని, పొక్క నుంచి పొక్కకు పడుగు లాగాడు. అడ్డంగా పేక దూర్చాడు. తిట్లు కూడా తిరిగొచ్చాయి. "గంత వదులుగ పడ్తవా? బువ్వ తింటలేవా?" అని అమ్మను, "నువ్వు ఆఫీసుల గిట్లనే పని జేస్తవా?" అని నన్ను. తిట్లు తింటూ ఇద్దరం ఒకరినొకరు చూసుకుని నవ్వుకునేవాళ్లం. సీటు అంచు పొడుగునా మా చీరల అంచు మీద వచ్చే చిన్న చిన్న గుళ్ల వరసను కూడా వేశాడు. కుర్చీకి నారాయణపేట చీర కట్టినట్టయింది. అంత అందమైన కుర్చీని నేను ఏ ఫోన్లోనూ చూడలేదు.

అల్లడం పూర్తయిన పొద్దున బాపు, "గంజి కాయి" అన్నాడు అమ్మతో.

"కుర్చీకి గంజెందుకు బాపూ?" అన్నాను.

నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. "గంజి వెట్టకుంటే నూలు నిలవడ్తదా? నేతోళ్ల ఇంట్ల వుట్టి గది గూడ ఎరుక లేదా?" అన్నాడు. నిజమే, మా ఇంట్లో నూలు పోగు గంజి తాగకుండా మగ్గం ఎక్కదు. వీధిలో పడుగు సాగదీసి, కుంచెతో గంజి పట్టించడం పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను. అమ్మ చిక్కగా గంజి కాచింది. బాపు కుంచె ముంచి, పోగు పోగుకూ పట్టించాడు. కమ్మటి వాసన. "ఎండల వెట్టు. గట్టిగైతది" అన్నాడు. నేను తీసుకెళ్లి వాకిట్లో మంచి ఎండ చూసి పెట్టాను.

మా గల్లీ చివర ఒక అవ్వ ఉంటుంది. వాళ్లకు గొర్రెలు, మేకలు ఉన్నాయి. పొద్దెక్కాక మందంతా మా వాకిలి ముందు నుంచే చేలకు పోతుంది. మా ఊళ్లో ఇది అందరికీ తెలుసు. నాకూ తెలుసు, బాపుకూ తెలుసు, అమ్మకూ తెలుసు. అందరం కుర్చీ సంబురంలో ఉన్నాం.

బాపు కిటికీలోంచి చూసి అరిచిన అరుపుకు నా చేతిలో పళ్లెం జారిపోయింది. బయటికి ఉరికాను. ఒక మేక ముందు కాళ్లు కుర్చీ చట్రం మీద పెట్టి, మెడ వంచి, తీరిగ్గా నములుతోంది. నోటి పక్క నుంచి మెరూన్ పోగు వేలాడుతోంది. ఇంకోటి గుళ్ల వరసను అంచు నుంచి వరసగా తింటోంది. మిగతావి తమ వంతు కోసం ఒకదాన్నొకటి పొడుచుకుంటున్నాయి.

"హట్! హట్!" అంటూ నా పక్క నుంచి ఎవరో దూసుకుపోయారు. చూస్తే బాపు! ఒక చేత్తో గోడ పట్టుకుని, కుంటుతూ, రెండో చేత్తో గంజి కుంచె ఊపుతూ వాకిట్లోకి వచ్చేశాడు. వెనకాలే వస్తున్న అవ్వను పట్టుకుని, "అక్కా! నీ మేకలు నా కుర్చీ తిన్నయ్!" అన్నాడు.

"మేకలు కుర్చీ తింటయారా? నీకేమన్న పుర్రె ఖరాబైందా?" అంది అవ్వ.

"గీడ సూడు! ఏమన్న మిగిలిందా?"

అవ్వ వంగి, మిగిలిన పోగును వేలితో ముట్టి వాసన చూసింది. "ఓరి నీ ఇల్లు బంగారం గాను! గంజి పూస్తివి. మంద వోయే బాటల వెడ్తివి. దానా వెట్టి పిలిచినట్టే గదారా! మూగజీవాలు, ఇంత మర్యాద జేస్తుండ్రు, తినకపోతే బాగుండదని తిన్నయ్."

గల్లీ అంతా గొల్లుమంది. నాకు నవ్వు రాలేదు. బాపు మొహం వైపే చూస్తున్నాను. ఇన్ని రోజుల పని మేక కడుపులోకి పోయింది. ఇప్పుడు లోపలికి వెళ్లి గోడ వైపు తిరిగాడంటే ఇక ఆ మనిషిని లేపడం ఎవరి వల్లా కాదు.

అప్పుడు గుమ్మంలోంచి అమ్మ గొంతు వినిపించింది. "ఏమయ్యో! నీ బండి యాడ వెట్టినవ్?"

వాకర్ గురించి అడుగుతోంది. అది లోపల మంచం పక్కనే ఉంది, తువ్వాల ఆరేసుకుని. బాపు తన కాళ్లు చూసుకున్నాడు. గోడ చూశాడు. మంచం నుంచి వాకిలి దాకా తను వచ్చిన దారంతా చూశాడు. తర్వాత పోగు నములుతున్న మేకను చూసి, మొదట ముక్కుతో, తర్వాత నోటితో, తర్వాత ఒళ్లంతా ఊగిపోయేలా నవ్వాడు. నవ్వలేక గోడకు ఆనుకున్నాడు. నేను అక్కడే వాకిట్లో కూలబడి, నవ్వుతున్నానో ఏడుస్తున్నానో తెలియకుండా రెండూ చేశాను.

మర్నాడు అవ్వ ఒడి నిండా నల్లటి ఉండలు తెచ్చి బాపు ముందు పోసింది. గొర్రె ఉన్నితో వడికిన దారం, వాళ్లు గొంగళ్లకు వాడేది. "గిదైతే నా మేకలు మూతి గూడ వెట్టయ్. గంజి మాత్రం పూయకు తమ్మీ, నీకు దండం వెడ్త" అంది. బాపు ఆ దారాన్ని చెవి దగ్గర పెట్టి లాగాడు, వేలికి చుట్టి చూశాడు, మొహం చిట్లించాడు. పుట్టి బుద్ధెరిగి ఉన్ని నేయలేదు ఆయన. అయినా మొదలుపెట్టాడు. ఈసారి మూలన మిగిలిన పాత పేము అల్లికను విప్పి చూసుకుంటూ, పడుగు పేకలతో పాటు ఐమూలగా కూడా దారం నడిపించాడు. అవ్వ రోజూ సాయంత్రం మంద తోలుకొస్తూ గడప మీద కూర్చుని వంకలు పెట్టేది. బాపు తిరిగి అనేవాడు. ఇద్దరి నోళ్ల ముందు మేకలు కూడా మూగబోయేవి. సీటు కంబళి నలుపులో, ముట్టుకుంటే వెచ్చగా, ముచ్చటగా తయారైంది.

అందరం చుట్టూ నిలబడ్డాం. "ఇగ కూసో బాపూ" అన్నాను.

"నేనా?" అన్నాడు బాపు. "ఇన్నేండ్లు చీరలు నేసిన. ఒక్కటన్న కట్టుకున్ననా?"

అవ్వ పకపకా నవ్వింది. బాపు కుర్చీని తుడిచి, గది మధ్యలో నిలబెట్టి, దూరం నుంచి ఒకసారి చూసుకుని, వెళ్లి మంచం మీద పడుకున్నాడు. ఇటు తిరిగే పడుకున్నాడు గానీ పడుకున్నాడు. పని అయిపోయింది కదా, ఇక లేచి చేసేదేముంది? ఆ సాయంత్రం వాకర్ మీద మళ్లీ తువ్వాల ఆరింది. నాకు సెలవు అయిపోయింది, మర్నాడు మధ్యాహ్నం బస్సుకు బయల్దేరాలి. డాక్టరమ్మ మాట తలచుకుంటే నాకు అన్నం సయించలేదు.

పొద్దున్నే ముఖం కడుక్కుని వస్తుంటే, ముందు గదిలో అమ్మ వంగి ఏదో చేస్తోంది. నన్ను చూసి చప్పున కొంగు కింద చేయి దాచింది. దాని కింద నుంచి కత్తెర మొన కనబడుతోంది. ఆమె ముందు నా హోటల్ కుర్చీ! మహబూబ్‌నగర్ నుంచి తెచ్చిన వాటిలో నాకన్నిటికంటే ఇష్టమైనది. దాని పేము సీటు ఈ చివర నుంచి ఆ చివర దాకా కోసి ఉంది.

నేను నోరు తెరిచేలోపే అమ్మ గట్టిగా అరిచింది. "అయ్యో అయ్యో! గా మేకలు మళ్లొచ్చినయ్! గీ కుర్చీ గూడ తిన్నయ్!"

"అమ్మా, పేమును మేకలు తింటాయా?" అని గొణిగాను.

"ఊకో" అంది నా కాలు తొక్కి.

బాపు లేచాడు. వాకర్ పట్టుకుని వచ్చాడు. వంగి, కోసిన పేము కొసలను ఒకటొకటే వేలితో ముట్టి చూశాడు. ఎన్నేళ్లు కత్తెర పట్టిన మనిషి! ఏది కొరుకుడో ఏది కోతో ఆయనకొకరు చెప్పాలా? తలెత్తి అమ్మ కొంగు వైపు చూశాడు. అమ్మ కప్పు వైపు చూసింది.

"మేకకు పండ్లు మంచిగున్నయ్" అన్నాడు బాపు.

అంతే. మిగిలిన ఉన్ని దారం తెమ్మన్నాడు. కూర్చోవడానికి అటూ ఇటూ చూసి, గది మధ్యలో ఉన్న పొట్టి కుర్చీని కాలితో దగ్గరికి లాక్కున్నాడు. కూర్చున్నాడు. హోటల్ కుర్చీని రెండు మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. ఆ పొట్టి కుర్చీకి చేతులు లేవు కాబట్టి ఆయన చేతులు రెండూ మగ్గం మీద ఆడినట్టే ఆడుతున్నాయి. పాదాలు నేలకు ఆని ఉన్నాయి. తెగిన పేము లాగేశాడు, పొక్కలు శుభ్రం చేశాడు, మొదటి పడుగు దారం ఎక్కించాడు. ఎంత సేపటికీ లేవలేదు. నడుము నొప్పి అనలేదు, పండవెట్టుమనలేదు.

నేను సంతోషం పట్టలేక, "అమ్మా, బాపు కుర్..." అనబోయాను. అమ్మ తడిచేతిని నా నోటికి అడ్డం పెట్టింది.

"చెప్పకు" అంది చెవిలో. "యాదికొస్తే లేస్తడు."

బస్సు టైమైంది. నేను కదల్లేదు. అమ్మ మాత్రం ఆగలేదు. సడి చేయకుండా వెళ్లి బాపు మంచం మీది బొంత తీసి వాకిట్లో ఎండకేసింది. దిండు తీసింది. మంచాన్ని ఒక పక్క నుంచి ఎత్తి, ఈడ్చి, గోడకు నిలబెట్టింది.

ఆ చప్పుడుకు బాపు తల తిప్పకుండానే అడిగాడు. "మంచం ఎందుకు లేపుతున్నవే?"

"పొద్దుగాల మంచంతోని ఏం పని?" అంది అమ్మ, చీపురు తీసుకుని ఆ జాగా ఊడుస్తూ.

"గదీ నిజమే" అన్నాడు బాపు, దారం లాగుతూ.